పల్సానా ఏ దేశం?

పక్క ఖోలీలో ఫోను మళ్ళీ మోగింది.

వినోద చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒళ్ళో చీర బోర్లా పడి ఉంది. పువ్వుకీ పువ్వుకీ మధ్య వదిలేసిన దారాలు వెనకవైపు వేలాడుతున్నాయి. వాటిని చీర కోసుకుపోకుండా మొదలంటా కత్తిరించడం ఆమె పని. లాక్‌డౌన్‌కు ముందు సేటు వేసిపోయిన ఆఖరి మూట అది. మళ్ళీ మూట ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, రోజుకు ఒక్క చీర చొప్పున, పండగ పిండివంట కొరుక్కుని తిన్నట్టు చేసుకుంటోంది. చేతిలో పని లేకపోతే పిచ్చెక్కేట్టుంది మరి.

"హలో సార్! నమస్తే సార్! ఆ, పద్మారాణినే సార్."

గోడంటే ఏమంత గోడ! ఒంటి ఇటుక. సూరత్ నవాగామ్‌లో ఈ ఒంటిగది ఖోలీలు కట్టినవాడు సిమెంటు దగ్గర మహా పిసినారి. అవతల తాలింపు పెడితే ఇవతల తుమ్ములొస్తాయి. ఇంక పద్మారాణి గొంతు, ఆమె స్పీకర్ పెట్టి మాట్లాడే ఫోను ఆగుతాయా? ఆగినా వినోద చెవులు ఆగవు.

"తిన్నడట సార్. బియ్యం, పప్పు ముట్టినయట. మీ దయ సార్."

వినోద కడుపులో కుంపటి రాజుకుంది. ఇందులో దాచేదేమీ లేదు, అది అచ్చంగా కుళ్ళే. పద్మారాణి మొగుడు ముత్యం మస్కట్‌లో ఉన్నాడు. అక్కడ కంపెనీ మూతపడి, పని పోయి, పదిమందితో ఒక రేకుల క్యాంపులో ఇరుక్కుపోయాడు. అయ్యో పాపం అనాల్సిన మాటే, మొదట్లో అంది కూడా. కానీ ఆ తర్వాత మన ఎంబసీ వాళ్ళు క్యాంపుకు మనిషిని పంపారు. సంచుల్లో తిండి పంపారు. ఇప్పుడు ఉన్నపళంగా విమానంలో ఇంటికి చేరుస్తామంటున్నారు. పైగా, ఇది మరీ అన్యాయం, ఆయన పెళ్ళానికి ఫోన్ చేసి "అమ్మా, ధైర్యంగా ఉండండి" అంటున్నారు.

మరి వినోద మొగుడు నర్సింగం ఎక్కడున్నాడు? పల్సానాలో. ఆటో ఎక్కితే గంట పట్టని దూరం. అద్దకం మిల్లులో పాలీకని, అదే షిఫ్టుకని, పొద్దున్నే డబ్బా పట్టుకుని పోయిన మనిషి. సాయంత్రానికి రోడ్లన్నీ మూసేశారు, మిల్లు గేటుకు లోపలినుంచి తాళం పడింది. అంతే. సముద్రం అవతలి మొగుడికి విమానం వస్తోంది, సందు అవతలి మొగుడికి సైకిల్ దిక్కులేదు.

గోడ అవతల ఫోన్ పెట్టేసి పద్మారాణి తలుపు దగ్గరకే వచ్చింది.

"వదినె, ఇన్నవా? వచ్చే విమానంల పేరు ఎక్కిస్తరట! ఆ భరద్వాజ్ సార్ ఎంత మంచోడో తెల్సా? సొంత తమ్ముని లెక్క మాట్లాడుతడు."

"మంచిదే గదా" అంది వినోద. అని, దారంతోపాటు చీరను కూడా కత్తిరించింది.

*

నర్సింగం ఫోను మధ్యాహ్నం వచ్చింది. రోజూ అదే వేళకు, ఎవరిదో చార్జర్ అడుక్కుని చేస్తాడు.

"తిన్నవా?"

"అదే కిచిడీ. నీళ్ళల్ల పచ్చటి రంగు. మిల్లుల రంగు కలిపిన్రా అని మాతోని పనిజేసే ఓంకార్ నవ్వుతున్నడు." నర్సింగం నవ్వబోయాడు, దగ్గు అడ్డొచ్చింది. పొడిదగ్గు కాదు. గుండెల్లోంచి లాగుతోంది.

"దగ్గేంది?"

"తడి గచ్చు మీద పంటున్నం గదే. మరి పరుపులేస్తరా?"

"జరం ఉన్నదా?"

ఆయన కొంచెం ఆగాడు. ఆ ఆగడంతోనే వినోదకు అర్థమైపోయింది.

"రాత్రయితే ఒళ్ళు కాలుతది. పొద్దుగాలకు తగ్గుతది. ఎవలకు చెప్పలె. చెప్తే కరోనా అని ఎక్కడ పడేస్తరో."

"పనిల పెట్టిన ఠేకేదారును అడుగు. పరమేశ్వర్ మనోడే గదా. మన దిక్కోడే గదా."

"అడిగిన. మిల్లు తెరిచేదాక మనుషులను ఆపుతనని సేటుకు మాటిచ్చిండట. 'పోతే పో, మళ్ళ గేటు మొకం చూడకు' అన్నడు. బయట పోలీసులు కొడుతున్నరు. ఎట్ల రావాలె చెప్పు?" మళ్ళీ దగ్గాడు. "ముత్యం బావ సంగతేందే?"

"విమానంల పేరు ఎక్కిస్తరట."

 వెనక ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది.

"నేను గూడ మస్కట్ పోతే అయిపోవు" అన్నాడు నర్సింగం మెల్లగా.

అంతే, పుండు మీద కారం పడింది. ముత్యంతోపాటు పాస్‌పోర్టు తీసుకున్న మనిషే నర్సింగం. వద్దని అడ్డం పడింది వినోదే. "నీళ్ళు దాటి పోతే దిక్కెవలు? ఏమన్నా అయితే ఎవలు చూస్తరు? మన దేశంల అయితే మనోళ్ళుంటరు" అని అన్నం మానేసి కూర్చుంది. ఆ మాట ఆయన ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఇంకా మండింది.

*

మర్నాడు పొద్దున పద్మారాణి ఫోన్ పట్టుకుని వచ్చింది. వాళ్ళ ఖోలీలో స్విచ్‌బోర్డు కాలిపోయింది, కరెంటు పనివాడు దొరికే రోజులా ఇవి?

"జర చార్జింగ్ పెట్టు వదినె. నేను కిచిడీ లైన్ల నిలబడొస్త. నీ గిన్నె గూడ ఇయ్యి, తెస్త."

వినోద గిన్నె ఇచ్చింది. ఫోన్ చార్జింగ్‌కు పెట్టింది. పద్మారాణి సందు మలుపు తిరిగిందో లేదో, అది మోగింది. పరాయి ఫోను ఎత్తకూడదని ఆమెకు తెలుసు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"హలో."

"పద్మారాణి గారేనా అండీ?"

గారు! ఈ ఊళ్ళో అడుగుపెట్టినప్పటినుంచి వినోదను ఏయ్ అన్నవాళ్ళున్నారు, బెహన్ అన్నవాళ్ళున్నారు, గారు అన్నవాడు లేడు. ఆ ఒక్క మాట తన చెవిలో పడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

"ఆ" అంది.

"అమ్మా, నేను మస్కట్ ఎంబసీ నుంచి భరద్వాజ్‌ని. శుభవార్త. మీ ఆయనకి గురువారం హైదరాబాద్ విమానంలో సీటు వచ్చింది. టికెట్ కూడా ఎంబసీయే ఇస్తోంది. కానీ ఆయన ఫోను కలవడం లేదు. మీరు ఎలాగైనా చెప్పి, ఇవాళ సాయంత్రంలోపు మాకు ఫోన్ చేయించండి. లేకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది. వెయిటింగ్‌లో చాలామంది ఉన్నారమ్మా. సరేనా?"

"సార్" అంది వినోద.  "ఇంకో మనిషి గూడ ఇరుక్కపోయిండు సార్. జరం వస్తున్నది. జర ఆయన పేరు గూడ రాసుకోండ్రి."

"అయ్యో. చెప్పండి, పేరు?"

"నర్సింగం."

"మీకేమవుతారు?"

వినోద నోరు తెరిచి మూసుకుంది. తను ఇప్పుడు పద్మారాణి కదా! "పక్కింటాయన సార్" అంది. సొంత మొగుడిని పక్కింటాయన అన్నందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏ క్యాంపు?"

"క్యాంపు గాదు సార్, మిల్లు. పల్సానా."

"పల్సానా..." కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "పల్సానా ఏ దేశం అమ్మా? ఒమన్‌లోనేనా?"

"మన దేశమే సార్. సూరత్ పక్కనే."

అటు ఆ మనిషి నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టి పెట్టేసేది. "అమ్మా" అన్నాడు చాలా మెత్తగా, "మేం దేశం బయట ఉన్నవాళ్ళ కోసం అమ్మా. లోపల ఉన్నవాళ్ళకి మేం ఏమీ చేయలేం."

"బయటనే ఉన్నడు సార్. ఇంటికి రాలె."

"అక్కడి కలెక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి చూడండి. నన్ను క్షమించండి. సాయంత్రం మాత్రం మరిచిపోకండి."

ఫోన్ పెట్టేసింది. చార్జింగ్ వైరు సర్దింది. పద్మారాణి లైన్లోంచి తిరిగొచ్చి, వేడి కిచిడీ గిన్నె ఇచ్చి, "ఎవలన్నా చేసిన్రా?" అని అడిగింది.

వినోద గిన్నెలోకి చూసింది. గిన్నెలో పచ్చటి నీళ్ళు.

"లేదు" అంది.

అది అబద్ధమని ఆమెకు తెలుసు, పాపమని కూడా తెలుసు. తెలిసి చెప్పింది. సీటు వేరేవాళ్ళకు పోతుంది, అంతేగా! ముత్యం ఏం చస్తాడా? బియ్యం పప్పు వస్తున్నాయిగా! ఇంకో విమానంలో వస్తాడు. ఒక్క నాలుగు రోజులు పద్మారాణి కూడా తనలాగే గుడ్లప్పగించి కూర్చుంటే ఏం పోయింది? ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ చీర ముందేసుకుంది. ఒక్క దారం తెగలేదు. అన్నం సహించలేదు. గోడ అవతల పద్మారాణి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ పాట వింటుంటే ప్రాణం పోతున్నట్టే ఉంది. నర్సింగం ఫోను కూడా ఆ మధ్యాహ్నం రాలేదు.

*

ఎండ వాలాక కుళాయి వచ్చింది. వాకిట్లో ఒకటే కుళాయి, ఖోలీలేమో బారెడు. బిందెల వరస పొద్దున్నుంచే పెట్టి ఉంటుంది. పద్మారాణి బిందె నిండింది. తర్వాత వినోదది. కానీ పద్మారాణి ఇంకో చిన్న బకెట్ తీసి కుళాయి కింద తోసింది.

"ఒక్కటే వదినె, బట్టలు నానబెట్టిన."

వినోద ఒంటికాలి మీద లేచింది. "వరుస లేదా నీకు? అన్నీ నీకే ముందుగాల రావాల్నా?" అని బకెట్‌ను కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది.

"ఏందే, పొద్దటిసంది చూస్తున్న!" వదినె అన్న పిలుపు ఎగిరిపోయింది. పద్మారాణి చెంగు బిగించింది. "నీ మొగడు రాకుంటే నేనేం జెయ్యాలె? నా మొగడు సల్లగుంటే నీకెందుకు కండ్లమంట? కుళ్ళుబోతుదానా!"

తలుపుల్లోంచి ఆడవాళ్ళంతా తొంగి చూశారు.

"అవునే! కుళ్ళుబోతుదాన్నే!" వినోద గొంతు చించుకుంది. "నీ మొగనికి విమానం దొరికిందే! పో! గురువారం ఎక్కుతడట! సాయంత్రంలోపట ఫోన్ చెయ్యకుంటే సీటు పోతదట! పోయి చేసి సావుపో!"

 కుళాయి ఖాళీ గచ్చు మీద ధార కడుతోంది. శుభవార్తను ఇంత బూతులా చెప్పినవాళ్ళు ఆ వాడలో అంతకుముందు లేరు.

పద్మారాణి ఒక్క క్షణం నిలబడి, తర్వాత పరుగెత్తింది. ఖోలీలోంచి ఆమె గొంతు వినిపించసాగింది. ముత్యం ఫోను కలవలేదు. రూంమేట్‌కు చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. "అన్నా, ఆయన్ను పిలువు అన్నా, జల్ది!" బయట వినోద తన్నిన బకెట్ తీసుకొచ్చి, కుళాయి కింద పెట్టి, నిండేదాకా పట్టింది.  దేవుడా, లైను కలువు అని మొక్కింది కూడా. పొద్దున్నుంచి కోరుకున్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. కానీ మనసు ఏనాడు వరసలో నిలబడింది కనక?

పొద్దు గూకేలోపే ముత్యం ఎంబసీకి ఫోన్ చేశాడు. సీటు ఖాయమైంది.

పద్మారాణి వచ్చి వినోద గడప మీద కూర్చుంది. 

"ఎప్పుడు చేసిండు ఆ సారు?"

"పొద్దుగాల. నువ్వు లైన్ల ఉన్నప్పుడు."

తిడుతుందనుకుంది. కొడుతుందనుకుంది. జుట్టు పట్టుకున్నా సరే అని కూర్చుంది. పద్మారాణి చెంగుతో మొహం తుడుచుకుంది.

"నేనైతే చెప్పకపోదును" అంది.

వినోద తలెత్తి చూసింది.

"నిజమే వదినె. మా ఆయన గిట్ల పల్సానాల జరంతోటి ఉండి, మీ ఆయన విమానంల వస్తున్నడంటే, నేను సచ్చినా చెప్పకపోదును." చెంగు నడుముకు దోపుకుంది. "కాని ఒక్కటి చెప్తున్న. ఫోన్ మోగుడే ఇన్నవు నువ్వు. నేను ఎన్నిసార్లు చేసిన్నో ఇన్నవా? తెల్లారితె చేసిన. ఎత్తకుంటే చేసిన. ఎత్తి పెట్టేస్తే చేసిన. ఆ భరద్వాజ్ సార్ ముందుగాల ఎంత ఇసుక్కునేటోడో! 'అమ్మా, రోజూ చేయకండి' అనేటోడు. నేను పొద్దుమాపు చేసిన. అడగనిది అమ్మయినా పెట్టదు. ఎంబసీ పెడతదా?"

"ఎంబసీ ఉన్నది, చేసినవు. నేనెవలికి చెయ్యాలె?"

"పరమేశ్వర్ నంబరు లేదా నీతోని?"

*

ఆ వాడలో మొగవాళ్ళు మిల్లుల్లో, మగ్గాల మీద పాలీల్లో పనిచేస్తారు. ఒకడు దిగితే ఒకడు ఎక్కుతాడు, మిషన్ ఆగదు. ఆడవాళ్ళు అదే పద్ధతి పట్టారు. తెల్లారినప్పటినుంచి వినోద, అలిసిపోతే పద్మారాణి, ఆమె తర్వాత చివరి ఖోలీ గంగవ్వ. గంగవ్వకు ఫోన్ నొక్కడం రాదు గానీ మాట్లాడటం మొదలుపెడితే ఆపడం అవతలివాడి తాతతరం కాదు. పరమేశ్వర్ ఎత్తితే, "కొడుకా, నర్సింగాన్ని పంపు" అంటుంది. పెట్టేస్తే పక్కవాళ్ళు మళ్ళీ కలిపిస్తారు. పరమేశ్వర్ నంబరు బ్లాకు చేస్తే ఇంకో ఫోన్. అదీ చేస్తే, పద్మారాణి ఎక్కడినుంచో ఆయన పెళ్ళాం శ్రీప్రియ నంబరు పట్టింది.

"అక్కా, మీ ఆయన మా ఆయనకు తాళమేసిండు" అంది వినోద ఆమెతో. "జరం వచ్చింది. ఏమన్నా అయితే మిల్లు పేరు గాదు, మీ ఆయన పేరే చెప్త. ఆ ఏరియ, ఈ ఏరియ అనకుంట మన దిక్కున అందరికీ చెప్త."

 ఆ రాత్రి వాళ్ళింట్లో ఏం జరిగిందో గానీ, మర్నాడు మధ్యాహ్నం పాల టెంపో ఒకటి వాడ మొదట్లో ఆగింది. ఖాళీ పాలడబ్బాల మధ్యనుంచి నర్సింగం దిగాడు. మనిషి సగమయ్యాడు. గోళ్ళలో నీలం రంగు అలాగే ఉంది.

"ఏం జేసిన్రే మీరు?" అన్నాడు. "'మీ ఆడోళ్ళకు దండం, పోరా నాయనా' అని పరమేశ్వర్ చేతులు జోడించిండు."

వినోద దగ్గరకు వచ్చింది. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వేడిగా ఉంది. ఉన్నా, చేతికందే వేడి. ఆరోగ్య కేంద్రం డాక్టరు చూసి, కరోనా కాదు, తడి గచ్చు మీద పడుకుని ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందని మందులిచ్చాడు.

గురువారం ముత్యం విమానం ఎక్కాడు. దిగాడు కూడా. ఎయిర్‌పోర్టు వైఫైతో ముత్యం పెట్టిన మెసేజ్ చూసి, దిగిన కబురు మస్కట్‌లోని రూంమేట్ చెప్పాడు. పద్మారాణి బెల్లం ముక్కలు వాడంతా పంచింది, వినోద నోట్లో తనే పెట్టింది. హైదరాబాద్‌లో దిగినవాళ్ళందరినీ బస్సులెక్కించి ఎక్కడో ఉంచారట. కొన్నాళ్ళు అక్కడే ఉండాలట. అంతవరకే తెలిసింది. ముత్యం ఫోన్‌లో ఉన్నది మస్కట్ సిమ్ము. అది ఇక్కడ పలకదు.

శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం రాలేదు. మొగుడు మస్కట్‌లో ఉన్నప్పుడు ఏ గదిలో, ఏ మంచం మీద ఉన్నాడో పద్మారాణికి తెలుసు. ఇప్పుడు సొంత దేశంలో దిగి ఎక్కడున్నాడో తెలియదు. భరద్వాజ్‌కు చేసింది. గోడ ఇవతల వినోదకు అంతా వినబడింది.

"క్షేమంగా దిగారమ్మా, మా రికార్డులో ఉంది. దేశంలోకి వచ్చాక మాకు తెలియదమ్మా. అక్కడి ఆఫీసు నంబరు ఇస్తాను, రాసుకోండి."

ఆ నంబరుకు చేసింది. "ఆయన భార్యనండి" అంది. "లైన్‌లో ఉండండి" అన్నారు. ఉంది. తెగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. రోజుకు ఇన్నిసార్లు చెయ్యమని వినోదకు నేర్పిన మనిషి, రెండోరోజుకే చేతులు వాల్చేసింది. మస్కట్ దాకా లాగిన ఓపిక హైదరాబాద్ దగ్గర అయిపోయిందేమో.

ఆదివారం మధ్యాహ్నం వినోద జొన్నరొట్టె కాల్చి నర్సింగానికి పెట్టింది. ఆయన గోడకు చేరగిలబడి, రొట్టె తుంచి పప్పులో అద్దుకుని నెమ్మదిగా తింటున్నాడు. తలుపు తెరిచే ఉంది. చూస్తే వాకిట్లో పద్మారాణి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ బిందె. కుళాయి వచ్చే వేళ కాదు. ఆమె నర్సింగం చేతిని చూస్తోంది. పళ్ళెం నుంచి నోటికి, నోటి నుంచి పళ్ళేనికి, ఆ చెయ్యి ఎటు పోతే చూపు అటు పోతోంది.

ఆ చూపు వినోదకు కొత్తదా? లోపలినుంచి తెలిసిన చూపు. ముందు ఆమెకు కలిగింది సంతోషమే. ఉన్నమాట చెప్పాలంటే, చల్లగా, తియ్యగా, కడుపు నిండా సంతోషం. ఆ వెనకే భయం. తినే మనిషికి దిష్టి తగులుతుందని చటుక్కున లేచి తలుపు రెక్క పట్టుకుంది.

పద్మారాణి చూపు దించేసుకుంది. బిందె చంకకెత్తుకుని తిరగబోయింది.

వినోద తలుపు వెయ్యలేదు. "ఆ ఆఫీసు నంబరేది?" అంది.

"చేసి చేసి సాలయింది వదినె. పెండ్లమంటే పెట్టేస్తున్నరు."

"ఇట్లా ఇయ్యి."

నర్సింగం తినడం ఆపి చూశాడు. "నువ్వు తిను" అని కసిరి, వినోద గడప మీద కూర్చుని నంబరు కలిపింది. చాలాసేపు మోగింది. ఎత్తారు.

"ఎవరండీ? ఎవరు కావాలి?" విసుగ్గా ఉంది గొంతు.

వినోద గొంతు సవరించుకుంది. వారాల తరబడి ఒంటి ఇటుక గోడకు చెవి ఆనించి విన్న భరద్వాజ్ గొంతును, ఆ మెత్తదనాన్ని, ఆ నిదానాన్ని తన నోట్లోకి తెచ్చుకుంది. పొట్టకోస్తే రాని భాష పెదాల మీదికొచ్చింది.

"నమస్కారమండీ. ముత్యం గారి గురించి మాట్లాడాలి. మస్కట్ నుంచి గురువారం వచ్చారు. ఎక్కడ ఉంచారో వెంటనే చెప్పండి. నేను ఎంబసీ నుంచి మాట్లాడుతున్నాను."

పద్మారాణి చంకలోని బిందె జారిపోయింది. నర్సింగం నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది.

"ఏ ఎంబసీ మేడమ్?" అంది అటు గొంతు, ఈసారి కొంచెం సర్దుకుని.

వినోద ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"సూరత్ ఎంబసీ."